చెన్నంగి చెట్లు చెప్పిన ఏళ్ళు

నా పాత కొలత పుస్తకంలో ఒక పుట ఉంది. అందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు. ఆరు చెన్నంగి చెట్ల చుట్టుకొలతలు, నేల నుంచి రంపపు కోతకు ఉన్న ఎత్తు, ఒక్కొక్క మోడులోని వలయాల సంఖ్య, కొండ వాలు ఎన్ని డిగ్రీలన్నది, అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఉద్యోగం మానిన తర్వాత కూడా ఎన్నోసార్లు ఆ పుటను సరిచూశాను. లెక్కలో ఎక్కడా పొరపాటు దొరకలేదు. ఆ పుట అడుగున నేను రాసిన రెండు వాక్యాల ముగింపు మాత్రం అబద్ధం. ఆ రెండు వాక్యాల వల్ల ఒక గూడెం ఖాళీ అయింది.

పంతొమ్మిది వందల ఇరవైల మొదటి సంవత్సరాల్లో నేను అరకు ప్రాంతంలో ఒక ఎస్టేటు వారి అడవుల కచేరీలో కొలతల ఉద్యోగిని. అటవీ పాఠశాలలో చదివి, భూతద్దం, ఉక్కు టేపు, సన్నపళ్ళ రంపం పట్టుకుని కొండెక్కినవాణ్ణి. ఎస్టేటు అప్పుడు అడవికి సరిహద్దులు నిర్ణయిస్తూ ఉండేది. కొండవాళ్ళ సేద్యం పోడు. చెట్లు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో సామ, చోడి, కంది చల్లుకుని రెండు పంటలు తీస్తారు. తర్వాత ఆ నేలను మళ్ళీ అడవికే వదిలి ఇంకో వాలుకు పోతారు. కొన్నేళ్ళకు తిరిగి మొదటి వాలుకు వస్తారు. పన్నెండేళ్ళ లోపల పోడు కొట్టిన నేల గూడేనిది, అంతకన్నా ఎక్కువ కాలం కత్తి పడని నేల అడవిది అని ఎస్టేటు నియమం పెట్టింది. వదిలిన నేల ఎప్పుడు కొట్టినదో తేల్చడమే నా పని. కొండవాళ్ళ దగ్గర కాగితం లేదు. అందుచేత చెట్లను అడగవలసిందని పైవారి ఉత్తరువు. చెన్నంగి ఏటా ఆకు రాలుస్తుంది. ఏడాదికొక వలయం చొప్పున కాండంలో దాచుకుంటుంది. నేలకు జానెడు ఎత్తున కోసి, వలయాలు లెక్కపెట్టి, వయసు రాయాలి. నాకు నేర్పిన పద్ధతి అదే, నేను తప్పకుండా పాటించిన పద్ధతీ అదే.

మా నాన్నగారు మైదానంలో తర్కశాస్త్రం చెప్పేవారు. తెలివికి దారులు ఏవి, కన్ను చూసినదెంత, బుద్ధి దానికి చేర్చినదెంత, ఇతరుల మాటను ఎప్పుడు నమ్మవచ్చు అన్నవే మా ఇంట్లో అన్నం ముందు కూడా నడిచే చర్చలు. కొండ మీద పొగ ఉంది కనక నిప్పు ఉంది అని విద్యార్థులు అరుగు మీద కూర్చుని రోజూ వల్లించేవారు. మా ఊరి చుట్టుపక్కల కొండే లేదు. ఆ విద్యార్థులలో కొండను దగ్గరగా చూసినవాడు ఒక్కడూ లేడు. నేను కొండల్లో ఉద్యోగానికి బయలుదేరినప్పుడు నాన్నగారు చెప్పింది ఒక్కటే. “కన్ను తప్పు చెయ్యదు అబ్బాయీ. కన్ను చూసినదానికి పేరు పెట్టేటప్పుడే తప్పు జరుగుతుంది. పేరు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగు.”

ఆ గూడెం పదకొండు ఇళ్ళది. నేను వెళ్ళినది మాఘమాసంలో. పొద్దు బారెడు ఎక్కేదాకా మంచు విడిచేది కాదు. క్వినైన్ చేదు నోట్లోనే ఉండగా, కింది నుంచి తెచ్చుకున్న బంట్రోతును వెంటబెట్టుకుని వాలు ఎక్కాను. అది వాళ్ళకు మిగిలిన చివరి మంచి వాలు. మిగిలిన మూడూ సారం తగ్గి విశ్రాంతిలో ఉన్నాయి. ఆ ఏడు దీన్ని కొట్టుకోనిస్తే గింజ ఉంటుంది, లేకపోతే లేదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలుసు కనకనే వాళ్ళ మాటను అనుమానించాలని నిశ్చయించుకుని ఎక్కాను.

గూడెం తరఫున సాక్ష్యం చెప్పడానికి ఒక ముసలమ్మ వచ్చింది. మగవాళ్ళు ఆమె వెనక నిలబడ్డారు. ఏ వాలు ఎప్పుడు కొట్టాలో చెప్పేది ఆమేనన్నారు.

“ముసలమ్మా, ఈ వాలు చివరిసారి ఎప్పుడు కొట్టారు?” అని అడిగాను.

“మొన్ననే కదా బావూ.”

“మొన్న అంటే?”

“మొన్నంటే మొన్నే.”

బంట్రోతు అందుకున్నాడు. “మొన్నంటే పోయిన సంతరోజా? ఏళ్ళు సెప్పే ముసిలీ! బేగి సెప్పు, బాబుగోరు పొద్దుండగా దిగిపోవాల.”

“దిగమను. నానేటి కాళ్ళట్టుకుని ఆపినానా?”

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. గడ్డంతో ఎదుటి కొండ చూపిస్తూ మొదలుపెట్టింది. “ఇది ఒదిలి అద్దిగో, ఆ బోడికొండ కొట్టినాం. రెండు పంటలు తీసినాం. అది సచ్చిపోనాది. దాన్నొదిలి గెడ్డ నీల్లు దాటి అవతల కొట్టినాం. రెండు పంటలు. దాన్నొదిలి ఆ రాళ్ళ వాలు కొట్టినాం. అదీ అయిపోనాది. ఇప్పుడు మళ్ళా దీని వొంతు.”

“సరే. మొత్తం ఎన్నేళ్ళు?”

“ఏళ్ళేటి బావూ? కొండలు సెప్తన్నాను కదా!”

నేను పుస్తకంలో ఇలా రాసుకున్నాను: ‘సాక్షికి సంవత్సరాల గణన తెలియదు.’

“ఇదంతా నువ్వు స్వయంగా చూసినదా, ఎవరైనా చెప్పగా విన్నదా?”

“సూడ్డమేటి! ఈ మాన్లు నానే కొట్టినాను, ఈ సేత్తోనే. ఇదిగో!” అంటూ ఆమె కుడిచేతిని ఎత్తి రొమ్ముకు తాటించింది. రెండుసార్లు తాటించింది.

‘రొమ్ము మీద చేయి వేసి ఒట్టు పెట్టింది’ అని రాసుకున్నాను. ఒట్టుకు నా పద్ధతిలో విలువ లేదు కనక ఆ వాక్యం కింద గీత గీసి, సాక్ష్యం ముగించాను.

తర్వాత చెట్ల పని. వాలు పైభాగంలో రెండు, నడుమ రెండు, దిగువన రెండు, మొత్తం ఆరు చెన్నంగులను ఎంచుకున్నాను. చుట్టుకొలత రొమ్మెత్తున తీయాలని నియమం. అయితే టేపు పడవలసిన చోట ప్రతి చెట్టుకూ ఒక బొడిపె ఉంది. వాచిన మోకాలిలా ఉంది. దానికి పైన మాను సన్నబడి రెండు మూడు కొమ్మలుగా చీలింది. బొడిపె ఉన్నచోట కొలవరాదనీ, టేపును దానికి దిగువకు జరపాలనీ మా శిక్షణలో స్పష్టంగా చెప్పారు. ఆరు చెట్లకూ అలాగే జరిపాను. ‘కాండంపై వాపు, బహుశా తెగులు’ అని పక్క గడిలో రాశాను.

టేపు రెండో కొన పట్టుకున్న బంట్రోతు చెట్లను కలయజూశాడు. “అన్ని మాన్లకీ ఒకే ఎత్తున వాసింది, సూడండి బాబూ. తెగులు కూడా టేపెట్టుకుని తిరుగుతాదేటి?”

నాకు నవ్వు వచ్చింది. నవ్వి, రంపం పట్టుకోమన్నాను. అతని మాట పుస్తకంలో లేదు. దానికి గడి లేదు.

ఆరు మోళ్ళలో వలయాలు ఇరవై ఏడు మొదలుకొని ముప్పై ఒకటి దాకా వచ్చాయి. ప్రతిదాన్నీ మూడుసార్లు లెక్కపెట్టాను. వలయాల మధ్య అక్కడక్కడ నల్లని నెలవంక గుర్తులు కనిపించాయి. వేసవి కార్చిచ్చు తగిలిన మచ్చలని రాశాను. పుట అడుగున ముగింపు రాశాను: ‘ఈ వాలుపై ఇరవై ఏడేళ్ళకు తక్కువ కాకుండా కత్తి పడలేదు. సాక్ష్యం విశ్వసనీయం కాదు.’ ఒక మోడు నుంచి రెండంగుళాల మందాన బిళ్ళ కోయించి, నునుపు చేయించి, నా వెంట తెచ్చుకున్నాను. నాటి నుంచి నా బల్ల మీది కాగితాలకు అదే బరువు.

ఆ వేసవిలో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి నాన్నగారికి కొంత గర్వంగానే చెప్పాను. కంటితో చూసిన ప్రత్యక్షం, దాన్నుంచి తేల్చిన అనుమానం కలిసి వ్యర్థమైన సాక్ష్యాన్ని ఎలా తోసిపుచ్చాయో వివరించాను. ఆయన విసనకర్ర ఆపి విన్నారు.

“ఆ ముసలావిడ అబద్ధమాడిందని నీకెలా తెలిసింది?”

“చెట్లు చెప్పాయండి.”

“చెట్లు చెప్పవురా. చెట్లలో వలయాలుంటాయి. చెప్పింది నువ్వు.”

“ఆవిడకు నేల కావాలి నాన్నగారూ. అబద్ధమాడటానికి కారణం ఉంది.”

“ఉంటే ఆడినట్టేనా? నీకూ ఉద్యోగం కావాలి గదా, నువ్వూ ఆడినట్టేనా?” కాసేపు విసురుకుని మళ్ళీ అన్నారు. “సంగతి స్వయంగా తెలిసి, తెలిసినదాన్ని తెలిసినట్టు చెప్పేవాడి మాట ప్రమాణం. వాడి చదువూ కులమూ అడగమని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. ఆవిడ చెట్టు కొట్టానంది. నువ్వు చెట్టును చూశానన్నావు. మీ ఇద్దరిలో ఆ చెట్టుతో ఎక్కువ పరిచయం ఎవరికి?”

ఇది అరుగు మీద చెల్లే వాదం, కచేరీలో చెల్లదనుకున్నాను. ఆ ఏడు కార్తీకంలో ఆయన పోయారు. ఆ వాదంలో ఎవరు గెలిచారో ఆయనకు తెలియజేసే అవకాశం నాకు మిగలలేదు.

వాలు అడవిలో కలిసింది. నేను గీసిన గీత వెంబడే రాళ్ళు పేర్చి సున్నం పూశారు. గూడెంవాళ్ళు సారం లేని రాళ్ళ వాలునే మళ్ళీ గీకారు. ఆ పంట ఎలుకలకు చాలలేదని కొన్నాళ్ళకు విన్నాను. మరుసటి ఏడు తేయాకు తోటలకు కూలీలను పోగుచేసే మేస్త్రీ వచ్చాడు. గూడెం నుంచి తొమ్మిది ఇళ్ళవాళ్ళు అతని వెంట కొండ దిగారు. ఈ కబురు చెప్పింది బంట్రోతే. నేను విన్నాను. వలయాలు ఇరవై ఏడు అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అప్పుడప్పుడు మనుషులకు కష్టం తెస్తుందనీ, అది నిజం దోషం కాదనీ నమ్మాను. ఆ నమ్మకం మూడేళ్ళు నిలిచింది.

ఆ కొలతకు మూడేళ్ళ తర్వాత ఒక ఫాల్గుణంలో హుకుంపేట వైపు వేరే సరిహద్దు పని మీద వెళ్తున్నాను. అనుమతి ఉన్న పోడు వాలులో ఒక మనిషి చెట్లు కొడుతున్నాడు. గట్టున ఆగి చూశాను. సన్నవీ ముళ్ళవీ నేలమట్టంగా కొడుతున్నాడు. చెన్నంగి దగ్గరికి వచ్చేసరికి వంగలేదు. నిటారుగా నిలబడి, రొమ్మెత్తున, కత్తిని అడ్డంగా వేశాడు.

“దీన్ని అంత పైన ఎందుకు కొడుతున్నావు?” అని అడిగాను.

అతను నన్నూ నా బూట్లనూ చూశాడు. “కింద కొడితే సిక్కుడు తీగ దేన్నెక్కుతాది? నీ కాళ్ళా?”

పక్కన మోపు కడుతున్న ఆడమనిషి కిసుక్కున నవ్వి, అతన్ని మందలించి, నాకు విడమరిచింది. చెన్నంగి మోడు చావదు. మనిషి రొమ్మెత్తున ఉంచితే కొండచిక్కుడుకు పందిరిగుంజ అవుతుంది. మంట పై కొసదాకా అందదు. వదిలేసిన తర్వాత ఆ కొసనుంచే చిగురు వేసి మళ్ళీ మానవుతుంది. మళ్ళీ వంతు వచ్చినప్పుడు మళ్ళీ అక్కడే కొడతారు. “దానికదే గుర్తు కదా బావూ. ఇంకోసోట ఎందుకు కొడతాం?”

పక్కనే నిరుడు వదిలేసిన వాలులో అలాంటి మోళ్ళు వరసగా ఉన్నాయి. ప్రతిదాని కొసనా బొడిపె, బొడిపె నుంచి లేత కొమ్మలు. టేపు తీయలేదు. తీయనక్కరలేదు. నేను జానెడు ఎత్తున కోసి వలయాలు లెక్కపెట్టిన చోట కత్తి ఎన్నడూ పడదు.

అప్పుడు నాకు గుర్తు వచ్చింది ఆ ముసలమ్మ చెయ్యి. ఒట్టు పెట్టేవాళ్ళు అరచెయ్యి ఆనిస్తారు. ఆమె అరచెయ్యి ఆనించలేదు. చేతి అంచును రొమ్ముకు అడ్డంగా, కత్తిని వేసినట్టు, రెండుసార్లు వేసింది. ఎక్కడ కొట్టిందో చూపించింది. ఆ అంచును నేను చూశాను. ఈ రోజు కూడా స్పష్టంగా చూడగలను. చూసిన మరుక్షణం దానికి ఒట్టు అని పేరు పెట్టాను. బొడిపెకు తెగులని, నల్లటి మచ్చకు కార్చిచ్చని పెట్టాను. కొండల లెక్కకు అజ్ఞానమని పెట్టాను. నాకు ఎదురుగా వచ్చిన ప్రతి సాక్ష్యానికీ ఒక పేరు సిద్ధంగా ఉంది.

బసకు వచ్చి బల్ల మీది బిళ్ళ తీసుకున్నాను. ఇంతకుముందు ఎప్పుడూ నడిబొడ్డు నుంచి బెరడు వైపు లెక్కపెట్టేవాణ్ణి, వయసు కావాలి కనక. ఈసారి బెరడు నుంచి లోపలికి భూతద్దం జరిపాను. ఎనిమిది వలయాలు దాటగానే నల్లని నెలవంక. అక్కణ్ణుంచి ఎనిమిది దాటితే ఇంకొకటి. మళ్ళీ ఎనిమిది దాటితే మూడోది. మూడు కొండలు, కొండకు రెండు పంటలు, వెరసి ఆరేళ్ళు. ఈ వాలు మీద తీసిన రెండు పంటలూ కలిపితే ఒక చుట్టు ఎనిమిదేళ్ళు. ముసలమ్మ చెప్పిన లెక్క మూడేళ్ళుగా నా కాగితాల మీద కూర్చుని ఉంది.

మర్నాడే ఆ వాలుకు వెళ్ళి, నిలిచి ఉన్న ఒక చెన్నంగిని బొడిపెకు పైన కోయించాను. తొమ్మిది వలయాలు. పంటలు తీసి వదిలిన నాటి నుంచి నా కొలత దాకా ఆరు, ఆ తర్వాత గడిచిన మూడు. నా నివేదికను రద్దు చేయవలసిందని పటంతో సహా నాలుగు పుటలు రాసి పంపాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. సరిహద్దు ప్రకటన ముగిసినదనీ, మొదటి కొలత నియమాల ప్రకారమే జరిగినది కనక పునర్విచారణకు ఆస్కారం లేదనీ అందులో ఉంది. నియమాల ప్రకారమే జరిగిందన్నది నిజమే.

ఆ జవాబూ ఆ బిళ్ళా సంచిలో పెట్టుకుని గూడేనికి వెళ్ళాను. రెండిళ్ళకే కప్పు ఉంది. మిగిలిన గోడలు వానకు కుంగి, లోపల గడ్డి మొలిచింది. ముసలమ్మ ఇంటి ముందు అడ్డాకులు ఎండబోస్తోంది. నన్ను పోల్చుకుంది. లేవలేదు.

“ఏటి కావాల బావూ? ఇంకే కొండుంది మాకు?”

“ఏమీ వద్దు. అప్పుడు నువ్వు చెప్పింది నిజమని చెప్పడానికి వచ్చాను.”

ఆమె చేతిలో ఆకు ఆగింది. “నాను సెప్పింది నిజమని నాకు సెప్పడానికొచ్చినావా? ఇంత కొండెక్కి?”

నా వెంట వచ్చిన బంట్రోతు కలగజేసుకున్నాడు. “బాబుగోరికి ఇప్పుడే తెలిసింది ముసిలీ.”

“నాకు ముందే తెలుసు” అంది ఆమె.

బిళ్ళ తీసి ఆమె ముందు పెట్టాను. ఎనిమిది వలయాలు చూపించబోయాను. అవసరం లేకపోయింది. ఆమె వేలు తిన్నగా నల్లని గీత మీదికి వెళ్ళింది. “ఇది మా నిప్పే” అంది. ఆ గీత వెంట వేలు మెల్లగా నడిపింది. “మా పెద్దోడు ముట్టించినాడు ఆ ఏడు.”

తలెత్తి అడిగింది. “అయితే కొండ ఇచ్చేత్తారా?”

“ఇవ్వరు. అడిగాను. కాదన్నారు.”

“మరి నీకెందుకు తెలిసింది?”

దీనికి సమాధానం నాన్నగారి శాస్త్రంలో ఉందేమోనని తర్వాత చాలాకాలం వెతికాను. తెలివికి దారులు ఎన్నో అందులో ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన తెలివిని ఏమి చేసుకోవాలో ఉన్నట్టు లేదు.

ఆమె ఆకులు సర్దుతూ, మామూలు గొంతుతోనే ఇంకొకటి అడిగింది. “పెద్దోడు తోటలకెల్లినాడు, ఆలినీ పిల్లల్నీ అట్టుకుని. ఎల్లింతరవాత రెండు పంటలయినాయి. కబురు నేదు. ఉన్నాడో నేడో నీ పొత్తంలో ఏటైనా ఉందా?”

“తెలియదు ముసలమ్మా” అన్నాను.

ఆమె తల ఊపింది. ఆ మాటను నమ్మినట్టే కనిపించింది. నేను చెప్పినవాటిలో ఆమె నమ్మినది అదొక్కటే అనుకుంటాను.

లేచేటప్పుడు బిళ్ళ కోసం చెయ్యి చాపాను. ఆమె దాన్ని అప్పటికే ఒడి పక్కకు జరుపుకుంది. “ఇది ఇక్కడుండనీ. మా మాను కదా” అంది. నేను సంచి మూసుకుని దిగివచ్చాను.

బల్ల మీద ఆ బరువు లేదు. కిటికీ గాలికి పుస్తకంలోని ఆ పుట లేచినప్పుడల్లా చేత్తో అదిమి పట్టుకుంటాను.